జిగురు ఆరేదాకా

జూన్ ఇరవై మూడో తేదీ, సోమవారం, ఉదయం ఏడు గంటల నలభై నిమిషాలు. వాన పెద్దదేమీ కాదు. గొడుగు తీసుకోవాలా వద్దా అని మనిషి తలుపు దగ్గర తటపటాయించేటంత వాన. ఆ సమయం ఇంత కచ్చితంగా గుర్తుండటానికి కారణం ఉంది. నా కోడలు ఒక చేత్తో పిల్ల చెప్పులు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడి, "అత్తగారూ, పదంటే పదే వారాలు," అన్నప్పుడు నేను గోడ గడియారం వైపు చూశాను.

శనివారం కురిసిన వానకు పిల్లల బడి పైకప్పు ఒక పక్కకు కుంగింది. బాగుచేయడానికి పది వారాలు పడుతుందని గేటుకు కాగితం అంటించారు. కోడలు ఆసుపత్రిలో రక్తపరీక్షల విభాగంలో పనిచేసేది. ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండాలి. నా కొడుకు లిఫ్టులు బాగుచేసే ఇంజనీరు. ఎక్కడ ఏ లిఫ్టు ఆగితే వాడు అక్కడ ఉండాలి. విశ్వవిద్యాలయంలో ముప్పై ఒక్క ఏళ్ళు తర్కశాస్త్రం చెప్పి అంతకు ముందు ఏడాదే విరమించిన నేను మాత్రం, ఇంట్లో అందరి దృష్టిలో, ఎక్కడా ఉండనక్కరలేదు. నా పాఠ్యపుస్తకాన్ని ఆ వానాకాలంలో తిరగరాయాలన్నది నా పథకం. అది ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరినీ తప్పుపట్టడానికి లేదు.

పిల్ల నా కొడుకు పిల్ల కాదు. దానికి ఎనిమిది నెలలప్పుడు తండ్రి పోయాడు. ఆ తరువాత రెండేళ్ళకు, డిసెంబరులో, నా కొడుకు దాని తల్లిని పెళ్ళి చేసుకుని ఇద్దరినీ మా రెండో అంతస్తు ఇంటికి తీసుకువచ్చాడు. నేను అడ్డు చెప్పలేదు. సంబరపడనూ లేదు.

వచ్చిన మొదటి రోజే కోడలు, నన్ను ఏమని పిలవమంటారని అడిగింది. అత్తయ్య అనే మాటకు తండ్రి చెల్లెలు, మేనమామ భార్య, భర్త తల్లి అని మూడు అర్థాలున్నాయి. అత్తగారు అంటే ఒక్కటే అర్థం. కాబట్టి అత్తగారు అనమన్నాను. ఆ అమ్మాయి ముఖంలో ఏదో బరువు దిగినట్లు కనిపించింది. అది ఎందుకో నాకు తొమ్మిది నెలల తరువాత గాని తెలియలేదు.

పిల్ల నన్ను ఏమని పిలవాలన్నది మాత్రం నేను తేల్చలేదు. నానమ్మ అంటే నాన్నకు అమ్మ. ఆ నాన్నకు అమ్మ వేరే ఊళ్ళో బతికే ఉంది. ఒకరి స్థానంలోకి దొడ్డిదారిన వెళ్ళడం నాకు ఇష్టం లేకపోయింది. పెద్దవాళ్ళు తేల్చకుండా వదిలేసినదాన్ని పిల్లలు తమకు తోచినట్లు తేల్చుకుంటారు. వాళ్ళమ్మ నన్ను అత్తగారూ అంటే తానూ అత్తగారూ అంది. అదే లెక్కన నా కొడుకును "ఏమండీ" అంది.

"ఏమండీ, నా సాక్సు ఒకటి కనబళ్ళేదు."

"వస్తున్నానండీ," అనేవాడు వాడు, ఉన్న పని వదిలేసి.

ఆ సోమవారం నేను సరేనన్నాను. వాళ్ళిద్దరూ పనులకు వెళ్ళారు. మధ్యాహ్నం రెండు గంటలకు పిల్ల నిద్రపోగానే బల్ల ముందు కూర్చుని, దళసరి తెల్ల కాగితం తీసి, దాని నానమ్మకు ఉత్తరం రాశాను. ఆ ఉత్తరంలో ఒక్క అబద్ధం లేదు. పిల్ల మీ కొడుకు బిడ్డ. మీకు మరో సంతానం లేదు. ఇక్కడ తల్లికి తీరిక లేదు, నాకు ఈ వయసులో అలవాటు లేదు. న్యాయంగా ఆలోచిస్తే బిడ్డ పెరగవలసిన చోటు మీ ఇల్లేమో చూడండి. వానలు వెనకబట్టాక ఒకసారి వచ్చి మాట్లాడండి. పెన్ను మూత పెట్టేసరికి రెండూ ముప్పై అయిదు. కొడుక్కీ కోడలికీ చెప్పలేదు. దాచానని ఆ రోజు అనుకోలేదు. విషయం ఒక రూపానికి వచ్చాక చెబుదామనుకున్నాను. ఈ రెండింటికీ తేడా ఉందని వాదించగల చదువు నాకు ఉంది. అందుకే ఆ వాదనను నేను నమ్మను.

ఎనిమిదో రోజున నా పేర కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలు. "ఉత్తరం అందింది. వానలు తగ్గి దారి బాగయ్యాక వస్తాను. అంతదాకా పిల్లకు ఏమీ చెప్పకండి."

ఆ ఎనిమిది రోజుల్లో ఇక్కడ జరిగింది వేరు.

రెండో రోజు ఉదయం నేను స్నానం చేసి వచ్చేసరికి నా పుస్తకం కోసం రాసి పెట్టుకున్న అట్టచీట్లు, ఒక్కో చీటీ మీద ఒక్కో నిర్వచనం, ముందుగది కిటికీ అద్దం నిండా అంటుకుని ఉన్నాయి. జల్లు లోపలికి కొట్టి అద్దం తడిగా ఉంది. ఆ తడికి అంటించింది.

"ఇది ఎవరు చేశారు?" అన్నాను.

"చెయ్యి."

"ఎవరి చెయ్యి?"

పిల్ల తన రెండు చేతులూ తిప్పి చూసుకుని, ఒకటి పైకెత్తింది. "ఈ చెయ్యి. ఆ చెయ్యి ఊరికే ఉంది."

నా ఉద్యోగకాలమంతటిలో కర్తకూ కరణానికీ తేడాను ఇంత తెలివిగా వాడుకున్న విద్యార్థి నాకు తగల్లేదు. కోప్పడదామని తెరిచిన నోరు మూసుకున్నాను. చీట్లు ఊడదీసి తీగ మీద ఆరవేస్తుంటే, అది నా పక్కనే నిలబడి ఒక్కొక్కటే అందించింది. నా చీట్లు బతకాలంటే దీనికి వేరే కాగితం కావాలని అప్పుడు అర్థమైంది. ప్రేమతో మొదలుపెట్టానని చెప్పుకుంటే బాగుండేది. ఆత్మరక్షణతో మొదలుపెట్టాను.

మా మెట్ల కింద దర్జీ కొట్టు ఉండేది. దారం అయిపోయిన అట్ట గొట్టాలు ఉన్నాయా అని అడగడానికి పిల్లను వెంటబెట్టుకుని దిగాను.

"ఉన్నాయమ్మా, బోలెడున్నాయి," అన్నాడు దర్జీ మిషను ఆపకుండా. "ఏం చేస్తారు?"

"బొమ్మలు చేస్తాం."

అతను మిషను ఆపాడు. "మీరా? యూనివర్సిటీలో చెప్పింది ఇదేనా అమ్మగారూ? అయితే మా వాణ్ణి కూడా చేర్పించేవాణ్ణే."

పిల్ల అప్పటికే బొత్తాల డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఒక పెద్ద నీలం కోటు బొత్తాం తీసి గుప్పిట బిగించి, ఇక ఇవ్వలేదు. దర్జీ ఎంత బతిమాలినా, దాని తోడు బొత్తాం చూపించి ఇవి జతవమ్మా అని చెప్పినా, వినలేదు.

"సరే పో. ఆ కోటాయన వస్తే నీ దగ్గరికే పంపిస్తా. ఏమంటావు, బొత్తాంగారూ?"

ఆ రోజు నుంచి దాని పేరు బొత్తాం. ఇంట్లో అందరం అలాగే పిలిచాం. ఇప్పటికీ పిలుస్తాం.

నేను కొలతల మనిషిని. కప్పు మైదాకు మూడు కప్పుల నీళ్ళు. ముందు కాసిని చన్నీళ్ళలో ఉండ కట్టకుండా కలిపి, మిగిలినవి మరిగించి అందులో పోసి, గరిటె తిప్పుతూ, పచ్చిదనం పోయి గాజులా మెరిసేదాకా ఉడికించాలి. అది జిగురు. రెండు కప్పుల గోధుమపిండికి కప్పు ఉప్పు, కప్పుకు కాస్త తక్కువ నీళ్ళు. అది బొమ్మల ముద్ద. స్టీలు గిన్నెను బోర్లించి పైన నూనె రాసి, వార్తాపత్రిక పేలికలు జిగురులో ముంచి అడ్డం ఒక వరస, నిలువు ఒక వరస అంటించి, ఆరాక ఊడదీస్తే కాగితపు గిన్నె. ఇవన్నీ నాకు ముందే తెలియవు. గ్రంథాలయంలో రెండు పుస్తకాలు తెచ్చి చదివి, నోట్సు రాసుకున్నాను.

బొత్తాం కొలతల మనిషి కాదు. పిండిముద్దతో ఏదో చేసి నా ముందు పెట్టేది.

"ఇదేమిటి?"

"తెలీదు. అదింకా చెప్పలేదు."

మొదటి వారం నేను దాని బొమ్మలను దానికి తెలియకుండా సరిదిద్దాను. ఒక చెవి పెద్దదైతే గిల్లి సమం చేశాను. ముప్పై ఏళ్ళు పరీక్ష కాగితాలు దిద్దిన చెయ్యి మరి. అది కనిపెట్టింది. తాను చేసినవన్నీ గౌను జేబులో పెట్టుకుని పడుకోవడం మొదలుపెట్టింది. రెండు రోజులకు ఉప్పుపిండి జేబులో గట్టిపడి, కోడలు గౌను నానబెట్టి గరిటె అంచుతో గీకవలసి వచ్చింది.

"జేబులో ఎందుకు పెట్టుకున్నావే?" అని కోడలు అడిగింది.

"అత్తగారు మార్కులు వేస్తున్నారు."

కోడలు నవ్వకుండా ఉండటానికి బక్కెట్టు మీదికి వంగింది. నేను మరి దిద్దలేదు.

ఆ ఏడాది వానలు జూలై అంతా వదల్లేదు. కాగితపు గిన్నె ఒక్కో వరసా ఆరడానికి ఒక రోజు చాలునని పుస్తకంలో ఉంది. మాకు నాలుగు రోజులైనా ఆరలేదు. మొదటి గిన్నె మీద అయిదో రోజుకు ఆకుపచ్చటి నూగు లేచింది.

"గిన్నెకి గడ్డం వచ్చింది," అంది బొత్తాం, భక్తిగా.

"దీన్ని పారేయాలి."

"ఎందుకు? నాన్న... ఏమండీకి వస్తే పారేస్తామా?"

ఆ మాట మధ్యలో జరిగిన దిద్దుబాటును నేను గమనించాను. అది గమనించినట్లు లేదు. ఆ సాయంత్రం నా కొడుకు భోజనం చేస్తుంటే, ఒక అట్ట గొట్టానికి నల్లదారం అంటిస్తూ, తల ఎత్తకుండానే అడిగింది: "నాన్నకి మీసం ఇక్కడుండాలా, ఇంకొంచెం పైనా?"

వాడు నోటిదాకా తెచ్చిన ముద్ద ఆపాడు. ఎడమచేత్తో తన పై పెదవి తడుముకుని చూపించాడు. "ఇక్కడ. ముక్కు కింద."

"ఊ," అంది అది. అంతే. వాడు ఆ ముద్ద తిన్నాడో లేదో నాకు గుర్తులేదు. కోడలు మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళి చాలాసేపు రాలేదు.

తర్కం ప్రకారం తరువాతి మెట్టు నాది. వాడు నాన్న అయితే, వాడి అమ్మ నానమ్మ కావాలి. మర్నాడు పొద్దున్నే, జిగురు కలుపుతూ, చాలా మామూలుగా అడిగాను: "అయితే నేనెవర్ని?"

బొత్తాం నన్ను జాలిగా చూసింది. "మీరు అత్తగారు. మర్చిపోయారా?"

మర్చిపోలేదు. నా మాటే నాకు తిరిగివచ్చింది.

ఆగస్టు నాటికి చెప్పుల డబ్బాలు ఆరు కూడగట్టి ఒకదాని మీద ఒకటి పేర్చి ఇల్లు చేశాం. గదికో డబ్బా. గొట్టాల మనుషులు అందులో కాపురం ఉన్నారు. అమ్మ గొట్టానికి తెల్లగుడ్డ కోటు; నాన్న గొట్టానికి మీసం; నా గొట్టానికి తీగతో వంచిన కళ్ళజోడు. దర్జీ గొట్టం అన్నిటికంటే కింద, మెట్ల దగ్గర. ఇంట్లో ఎవరు ఏ గదిలో ఉంటే వాళ్ళ గొట్టాన్ని ఆ గదిలోకి మార్చడం దాని పని. తల్లి డ్యూటీకి వెళితే ఆ గొట్టాన్ని కిటికీ గట్టు మీద పెట్టేది, సాయంత్రం తాళం చప్పుడు వినగానే పరుగున తెచ్చి లోపల పెట్టేది. నేను దినమంతా ఇంట్లోనే ఉంటాను కాబట్టి నా గొట్టం కదిలేది కాదు. ఒక్కటి మాత్రం ఇంట్లో లేదు. సబ్బు డబ్బాకు నాలుగు బొత్తాలు చక్రాలుగా అంటించిన బండి ఒకటి గోడవారగా ఉండేది. అందులో ఒక గొట్టం ఒంటరిగా కూర్చుని ఉండేది.

"అదెవరు?"

"నానమ్మ. బస్సులో ఉంది."

"ఎక్కడికి వెళుతోంది?"

"ఇక్కడికే. అమ్మ చెప్పింది, వానలు తగ్గితే వస్తుందని. ఇంకా వస్తూనే ఉంది."

కోడలికి ఆవిడ విడిగా రాసిందన్నమాట, చూడటానికి వస్తానని. అందులో తప్పేముంది. తప్పు ఆ బండిలో లేదు. దాన్ని పిలిచిన కాగితంలో ఉంది.

అప్పటి నుంచి నేను ఆకాశం చూడటం మొదలుపెట్టాను. బొమ్మలు ఆరాలంటే ఎండ కావాలి. ఎండ వస్తే ఆవిడ వస్తుంది. ఆవిడ వస్తే, నేను చూపిన కారణాలన్నీ చేత పట్టుకుని, న్యాయంగా అడుగుతుంది. నేను రాసినవే కాబట్టి నా దగ్గర వాటికి జవాబు లేదు. పొద్దున్నే మబ్బు కనిపిస్తే నా ప్రాణం కుదుటపడేది, ఆ వెంటనే బొత్తాం తన తడి గిన్నెను ఒళ్ళో పెట్టుకుని, "ఇవాళ కూడా ఆరదా అత్తగారూ?" అని అడిగేది. ఫాను కింద పెట్టాం. దర్జీ ఇస్త్రీపెట్టె అరువిచ్చాడు. దాంతో ఒక గిన్నె మాడ్చాం. నేను ఆరమని చెప్పే వస్తువు ఆరకూడదని నేనే కోరుకుంటున్నానని దానికి తెలియదు.

ఇంకో ఉత్తరం రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. మొదటి ఉత్తరంలోని ఏ వాక్యం అబద్ధమైంది? ఒక్కటీ కాలేదు. బిడ్డ ఇంకా వాళ్ళ బిడ్డే. ఆవిడ ఇంకా ఒంటరిదే. నా మనసు మారింది అని రాయవచ్చు. కాని మనసు మారడం ఫలితం, కారణం కాదు. ఏ కారణం రాయను? ఉప్పుపిండి జేబులో పెట్టుకుందని రాయనా? మూడు కాగితాలూ చించి, జిగురులో వేసి, వాడేశాం.

పది వారాలు పన్నెండయ్యాయి. సెప్టెంబరు మొదటి వారంలో వానలు ఒక్కసారిగా తగ్గాయి. తొమ్మిదో తేదీ, మంగళవారం, పదకొండు గంటల అయిదు నిమిషాలకు, నిండు ఎండలో, ఆవిడ మా మెట్లెక్కింది. కోడలు ఆ రోజు సెలవు పెట్టి, మెట్ల మొదట్లోనే ఎదురెళ్ళింది.

"అత్తయ్యా, సంచి ఇలా ఇవ్వండి. చిక్కిపోయారేంటి?"

"నేనెక్కడ చిక్కానే, మీ మెట్లు లావైపోయాయి."

అత్తయ్య. ఆ మాట విన్నాక, డిసెంబరులో కోడలి ముఖంలో దిగిన బరువు ఏమిటో నాకు తెలిసింది. ఆ మాట ఒకరికి ఇచ్చేసి ఉంది. నా నిర్వచనపు పిచ్చి పుణ్యమా అని దాన్ని వెనక్కి తీసుకోవలసిన అవసరం ఆ అమ్మాయికి రాలేదు.

నేను ఊహించుకున్న మనిషి కాదు ఆవిడ. పొట్టిగా, గట్టిగా, పెద్ద పెద్ద అరచేతులతో ఉంది. కూర్చోకముందే బల్ల మీది జిగురు గిన్నెను చూసి, వంగి వాసన చూసింది.

"ఇందులో ఏమీ వెయ్యలేదా?"

"మైదా, నీళ్ళు," అన్నాను. "ఒకటికి మూడు."

"ముప్పై రెండేళ్ళు పుస్తకాలు బైండు చేశానమ్మా. ఉత్త మైదా అయితే బూజు పడుతుంది. మేం మైలుతుత్తం వేసేవాళ్ళం. అది విషం, పిల్లలున్న ఇంట్లో వద్దు. చిటికెడు పటిక వెయ్యండి చాలు."

"గిన్నెకి గడ్డం రాదా?" అంది బొత్తాం నా వెనక నుంచి. రెండేళ్ళలో నాలుగైదుసార్లు మాత్రమే చూసిన మనిషి. ముందుకు రావడానికి దానికి ఒక వృత్తిపరమైన కారణం దొరికింది.

"రాదు. గడ్డం గీసేస్తుంది పటిక." ఆవిడ దాన్ని పైకీ కిందికీ చూసింది. ఎత్తుకోలేదు, ఎత్తుకుంటే ఏమవుతుందోనన్నట్లు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఈ ఇంట్లో నువ్వేం చేస్తుంటావే?"

"గిన్నెలు."

"ఈవిడ నీకేమవుతుంది?" అని నావైపు చూపించింది.

"మా అత్తగారు."

ఆవిడ కడుపు చెక్కలయ్యేలా నవ్వింది. "ఇంత చిన్న కోడల్ని ఎక్కడ పట్టారమ్మా? వంటా వార్పూ వచ్చా?" కోడలూ నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వులోనే కోడలు టీ పెట్టడానికి లేచింది. బొత్తాం సబ్బు డబ్బా బస్సును చాలా నెమ్మదిగా గోడవార నుంచి తోసుకుంటూ వచ్చి ఇంటి ముందు ఆపి, ఆ గొట్టాన్ని దించింది. తరువాత ఆ గొట్టాన్ని ఏ గదిలో పెట్టాలో తెలియక చేత్తో పట్టుకుని కూర్చుంది.

ఆవిడ చూపు దానిమీదే ఉంచి, వంటింట్లోకి వినబడని గొంతుతో నాతో అంది: "మీ ఉత్తరం సంచిలోనే ఉంది. చాలాసార్లు చదివాను. ఎక్కడా తప్పు పట్టడానికి లేదు."

నేను జిగురు గిన్నెను బల్ల అంచు నుంచి లోపలికి జరిపాను.

"చిన్న మంచం చేయించాను. పక్కలకు కటకటాలు పెట్టించాను, దొర్లిపడకుండా. కిటికీ దగ్గర వేశాను."

నేను రాసిన ఒక పేజీ వెళ్ళి వేరే ఊళ్ళో ఒక మంచం అయింది. అప్పటిదాకా నేను భయపడింది నా గురించీ, కోడలి గురించీ, పిల్ల గురించీ. ఆవిడ ఆ మంచం ఏ కిటికీ దగ్గర వేయాలా అని ఇంట్లో అటూ ఇటూ జరిపి చూసి ఉంటుందన్న ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు.

"ఇప్పుడూ అదే మాటేనా?" అని అడిగింది.

క్షమించమని అడగవలసింది. కాదు అని ఒక్క మాట చెప్పినా సరిపోయేది. వాదన అంటే తడుముకోని నేను ఆ రోజు చుట్టూ చూసి, కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్న గిన్నెను చూపించాను. అది తొమ్మిదోది. అప్పటికి రెండు వరసలయ్యాయి.

"అది ఇంకా ఆరలేదండీ," అన్నాను. "పైన ఇంకో రెండు వరసలు వెయ్యాలి. దాన్ని వదిలి రాదు."

ఆవిడ గిన్నె వైపు చూసింది. నా వైపు చూసింది.

"అవును. తడి మీద కదిపితే వంకర పోతుంది," అంది. సంచి దగ్గరికి లాక్కుని, నా కవరు తీసి, లోపలి కాగితం మడత విప్పింది. "బొత్తాం, ఇలా రా. ఆ పేపరు ముక్కలు పనికిరావు, పైవరసకి మంచి కాగితం ఉండాలి. ఇది చూడు, ఎంత దళసరిగా ఉందో. కాగితానికి ఒక దారి ఉంటుంది. అడ్డంగా చింపితే ఇలా వంకర పోతుంది, చూశావా? దారిన చింపితే..." కాగితం తిప్పి పట్టుకుని లాగింది. నా ఉత్తరం నిటారుగా, గీత గీసినట్లు, పై నుంచి కింద దాకా చిరిగింది. "నువ్వు చింపు."

బొత్తాం నాలుక బయటపెట్టి చింపింది. రెండోసారికే దానికి దారి దొరికింది.

కోడలు టీ కప్పులతో వచ్చింది. "ఏంటత్తయ్యా అది?"

"ఏదో పాత కాగితం. సంచిలో పడుంది."

మేము నలుగురం ఆ మధ్యాహ్నం మూడో వరసా, ఆరాక సాయంత్రం నాలుగో వరసా వేశాం. ఆ రోజు ఎండకు మూడు గంటల్లో ఆరింది. ఆవిడ పటిక తెప్పించి, పొడి చేసి, ఎంత వెయ్యాలో నా నోట్సులో తన గుండ్రటి అక్షరాలతో రాసింది. రాత్రి ఉండిపొమ్మని కోడలు బతిమాలినా ఉండలేదు. వెళ్ళేటప్పుడు బొత్తాం తన గుప్పిట్లోని నానమ్మ గొట్టాన్ని చూసి, తీవ్రంగా ఆలోచించి, దాన్ని మళ్ళీ బస్సులో పెట్టి, బస్సుతో సహా ఆవిడ చేతికిచ్చింది.

"ఇది తీసుకెళితే మళ్ళీ ఎలా రావాలో తెలుస్తుంది," అంది.

ఆవిడ అప్పుడు దాన్ని ఎత్తుకుంది. మెట్లు దిగేదాకా ఎత్తుకునే ఉంది. కింద దర్జీ మిషను ఆపి లేచి నిలబడ్డాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర, ప్రతి సెలవుల్లోనూ పిల్లను పది రోజులు నానమ్మ దగ్గరికి పంపాలని నేను ప్రతిపాదించాను. అక్కడ మంచం కూడా ఉందన్నాను. మంచం సంగతి మీకెలా తెలుసని ఎవరూ అడగలేదు. బొత్తాం ఆ మంచంలో ఏడేళ్ళు పడుకుంది. ఆఖరి రెండేళ్ళూ కాళ్ళు కటకటాల్లోంచి బయటికి పెట్టుకుని. పుస్తకానికి దారం కుట్టు వెయ్యడం అక్కడే నేర్చుకుంది. నా పాఠ్యపుస్తకం ఆ వానాకాలంలో తిరగరాయలేదు. తరువాతా రాయలేదు.

తొమ్మిదో గిన్నె వంకర పోలేదు. దాని అడుగున, జిగురు కింద, నా చేతిరాతలో "న్యాయంగా" అన్న మాట పూర్తిగా చదవడానికి వచ్చేది. కోడలు ఆ గిన్నెలో హెయిర్‌పిన్నులు వేసుకునేది. పదకొండేళ్ళ తరువాత, ఆ నానమ్మ పోయిన ఏడాది, కోడలితో ఆ ఉత్తరం సంగతి చెప్పాను.

"తెలుసు అత్తగారూ," అంది పిన్ను పళ్ళ మధ్య పెట్టుకుని జడ చుట్టుకుంటూ. "రోజూ తుడిచేదాన్ని కదా."

ఆ వానాకాలం గడిచిన ఇరవై రెండేళ్ళకు రిజిస్ట్రారు ఆఫీసులో బొత్తాం పెళ్ళి జరిగింది. తన భర్త తల్లిని అది అమ్మా అని పిలుస్తుంది. అత్తగారు అన్న మాట మా ఇంట్లో ఇదివరకే ఒకరికి ఇచ్చేసి ఉందని మొదటి రోజునే ఆవిడకు వివరించి చెప్పిందట.